కణితికో కొలత.. అడవికో లెక్క

నిడదవోలు: మండువా లోగిళ్ళ గోడలకు బిగించిన దుప్పి కొమ్ములు గోదావరి మండలంలో అపురూపమేమీ కాదు. రెండు మూడు తరాల కిందట వేటకు వెళ్ళిన పెద్దలు తెచ్చినవని ఇంటివారు చెబుతుంటారు. వాటి ప్రస్తావన వచ్చిన చోట వాదమూ తప్పదు. తమ తాత కొట్టిన కణితి ఎద్దంత ఉండేదని ఒకరంటే, అంతటి జంతువు మన అడవుల్లో ఎక్కడిదని మరొకరు కొట్టిపారేస్తారు. ఈ ఇద్దరిలో ఎవరి మాటా పూర్తిగా అబద్ధం కానక్కరలేదు. ఒకే జాతి జంతువు హిమాలయ పాదాల వద్ద ఒక తీరుగా, నర్మద లోయలో మరో తీరుగా, దక్షిణాది మైదానంలో ఇంకో తీరుగా ఎదుగుతుంది. ఈ తేడాలను మొదట పట్టించుకుని కాగితం మీద పెట్టినవారు కూడా వేటగాళ్ళే. వేట నేరమై అర్ధ శతాబ్దం దాటినా, ఆ కొలతల వెనుక ఉన్న ప్రకృతి సూత్రాలు నేటికీ వర్తిస్తాయి. గోడ మీది కొమ్ముకు వర్తించే చట్టం సంగతీ చాలామంది ఇళ్ళలో తెలిసినట్లు లేదు.

పేర్లతోనే మొదటి చిక్కు

పరిమాణం గురించి మాట్లాడే ముందు ఏ జంతువు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. తెలుగునాట 'జింక' అన్న మాట ఒక్కటే అయినా, దాని అర్థం ఊరూరికీ మారుతుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణ 2014లో తన రాష్ట్ర జంతువుగా ప్రకటించుకున్న జింక మాత్రం ఒంటినిండా చుక్కలున్న దుప్పి. రెండింటికీ బంధుత్వం దూరపుది. శాస్త్రరీత్యా కృష్ణజింక దుప్పి కుటుంబానికి చెందదు. ఆవు, మేక, గొర్రెల కుటుంబానికి చెందుతుంది. మగదాన్ని పూర్వం ఇర్రి అనీ, ఆడదాన్ని లేడి అనీ వ్యవహరించేవారు. భద్రాచలానికి ఎగువన పర్ణశాలలో మారీచుడి కథ చెప్పేవారు బంగారు లేడి అంటూనే, చిత్రపటాల్లో చుక్కల దుప్పిని చూపిస్తారు. కథకు వచ్చిన లోటేమీ లేదు గానీ, కొలతలకు మాత్రం ఈ తికమక పనికిరాదు.

చుక్కల దుప్పి, కణితి నిజమైన దుప్పి కుటుంబంలోనివి. కణితినే కొందరు కడితి అనీ, ఇంగ్లిషు ధోరణిలో సాంబర్ అనీ అంటారు. మొరిగే జింక కూడా ఈ కుటుంబానిదే. 'కొండగొర్రె' అన్న పేరును కొన్ని చోట్ల ఈ మొరిగే జింకకు, కొన్ని చోట్ల నాలుగు కొమ్ముల జింకకు వాడుతున్నారు. కొండగొర్రె బరువెంత అని అడిగినవారికి రెండు ఊళ్ళలో రెండు జవాబులు వస్తే అందులో ఆశ్చర్యం లేదు. ఇక కుందేలుకు కాస్త పెద్దగా, రెండు నుంచి నాలుగు కిలోల బరువు మాత్రమే తూగే మూషిక జింక పేరులో తప్ప అసలు జింకే కాదు. అది వేరే కుటుంబం.

కొమ్ముల విషయంలో ఉన్న తేడా మరీ ముఖ్యమైనది. దుప్పి, కణితి మగవాటి కొమ్ములు ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. ఎదిగే దశలో వాటిపై నూగుతో కూడిన మెత్తటి చర్మం ఉంటుంది. ఎదుగుదల పూర్తయ్యాక జంతువు చెట్లకు రుద్ది దాన్ని ఒలుచుకుంటుంది. లోపల మిగిలేది గట్టి ఎముక. కృష్ణజింక కొమ్ము అలా కాదు. అది జీవితకాలం నిలిచేది. ఎముక మీద గోరులాంటి పదార్థం మెలికలు తిరుగుతూ పేరుకుంటుంది. అందువల్ల కృష్ణజింక కొమ్ము దాని వయసునంతా చెబుతుంది. దుప్పి కొమ్ము ఆ ఒక్క ఏడాది మేత ఎలా ఉందో చెబుతుంది.

ఏది ఎంత?

మన దేశపు దుప్పులన్నింటిలోకీ విస్తృతంగా కనిపించే పెద్ద జంతువు కణితి. ఎదిగిన పోతు భుజం వద్ద దాదాపు 150 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుందనీ, 225 నుంచి 320 కిలోల వరకు తూగుతుందనీ బొంబాయి సహజ చరిత్ర సంఘం 1948లో వెలువరించిన ప్రేటర్ గ్రంథంలో ఉంది. నాటు ఎద్దుతో పోల్చి చూస్తే తాతగారి మాట మరీ అతిశయోక్తి కాదన్నమాట. ఒంగోలు గిత్తతో పోలిస్తే మాత్రం సగానికి కాస్త అటూ ఇటూ అవుతుంది.

చుక్కల దుప్పి పోతు సాధారణంగా 90 సెంటీమీటర్ల ఎత్తు, 85 కిలోల ప్రాంతంలో బరువు ఉంటుంది. ఆడది అందులో సగం మొదలుకొని మూడింట రెండు వంతుల దాకా తూగుతుంది. మొరిగే జింక పాతిక కిలోలకు అటూ ఇటూ. కృష్ణజింక మగది సగటున 35 నుంచి 40 కిలోలు, భుజం ఎత్తు 80 సెంటీమీటర్ల లోపు. ఇవన్నీ సగటు అంకెలు. అసలు కథ ఈ సగటుకు పైనా కిందా ఉన్న వాటిలోనే ఉంది.

ఉత్తరాన పెద్దది, దక్షిణాన చిన్నది

నేపాల్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న బ్రయాన్ హాడ్జ్‌సన్ 1842లో చుక్కల దుప్పులకు రెండు వేర్వేరు శాస్త్రనామాలు పెట్టాడు. ఒకదాన్ని 'మేజర్' అనీ, మరోదాన్ని 'మైనర్' అనీ పిలిచాడు. తెరాయి దుప్పి పెద్దదిగా, దక్షిణాది దుప్పి చిన్నదిగా ఉండటం చూసి అవి రెండు జాతులని నాటివారు భావించారు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ పేర్లను అంగీకరించలేదు. నేడు మొత్తం ఉపఖండంలో చుక్కల దుప్పి ఒక్కటే జాతి. కానీ పేరు పోయినంత మాత్రాన కంటికి కనబడే తేడా పోలేదు. తెరాయి, మధ్యభారత దుప్పుల కొమ్ములు పొడవనీ, దక్షిణం వైపు వచ్చేకొద్దీ కురచవుతాయనీ వేటగాళ్ళు ఏకాభిప్రాయంతో రాశారు. శ్రీలంక దుప్పి ఇంకా చిన్నది.

కృష్ణజింకల విషయంలో తేడా మరింత స్పష్టం. వాయవ్య భారతపు జింకను శాస్త్రజ్ఞులు నేటికీ ప్రత్యేక ఉపజాతిగా, రాజపుత్ర స్థానం పేరుతోనే లెక్కిస్తారు. దక్షిణ, తూర్పు, మధ్య ప్రాంతాల జింక వేరొక ఉపజాతి. రాజస్థాన్, హర్యానా, పంజాబ్ మైదానాల్లో రెండడుగులు దాటిన కొమ్ములు వేటగాళ్ళకు తరచు దొరికేవి. దక్షిణాదిలో 20 అంగుళాలు దాటితే మంచి కొమ్ము కిందే లెక్క. ఈ విషయాలపై రాసిన వారిలో ముఖ్యుడు థామస్ జెర్డాన్. మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఆయన కొంతకాలం నెల్లూరులో పనిచేశాడు. ఆయన రాసిన భారతదేశపు క్షీరదాల గ్రంథం 1867లో వెలువడింది. జంతువులకు తెలుగు పేర్లు కూడా సేకరించి చేర్చడం ఆ పుస్తకంలో మనకు ప్రత్యేకంగా కనిపించే సంగతి.

కణితికి వచ్చేసరికి ఈ ఉత్తర దక్షిణాల సూత్రం తడబడుతుంది. అతి పొడవైన కొమ్ములకు పేరొందినవి హిమాలయ పాదాలు కావు, మధ్యభారతంలోని నర్మద, తపతి లోయల అడవులు. భోపాల్ ప్రాంతంలో 1890లో దొరికిన కొమ్ము 50 అంగుళాలు దాటి చాలాకాలం రికార్డుగా నిలిచింది. శ్రీలంక కణితి శరీరంలో మన కణితికి పెద్దగా తీసిపోకపోయినా దాని కొమ్ములు మాత్రం చిన్నవి. తూర్పున మలయా వైపు వెళితే శరీరమే చిన్నదవుతుంది. కొమ్మును చూసి ఒంటిని అంచనా వేయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

వేటగాడి టేపు ఎంతవరకు నమ్మదగినది?

లండన్‌కు చెందిన రోలాండ్ వార్డ్ సంస్థ 1892 నుంచి ప్రపంచ వేట రికార్డుల పుస్తకాన్ని ప్రచురించింది. కొమ్ము మొదలు నుంచి వెలుపలి వంపు వెంబడి కొస వరకు టేపు పట్టడం దుప్పులకు పాటించిన పద్ధతి. కొమ్ము ఎముక కాబట్టి అది తరాలు గడిచినా మారదు, మళ్ళీ కొలిచి చూసుకోవచ్చు. అందుకే పాత రికార్డుల్లో కొమ్ముల అంకెలకు ఉన్న విలువ బరువులకు లేదు.

ఎత్తు సంగతి తీసుకుంటే, నిలబడిన జంతువు ఎత్తు వేరు, నేల మీద పడిన జంతువు కాలు సాగదీసి కొలిచిన ఎత్తు వేరు. రెండో పద్ధతిలో నాలుగైదు అంగుళాలు సులువుగా కలిసివస్తాయి. బరువు మరీ అన్యాయం. మూడు వందల కిలోల కణితిని అడవిలో తూచేందుకు కాటా ఎక్కడిది? ముక్కలుగా కోసి తూచినవారు ఉన్నారు, పేగులు తీసేశాక తూచినవారు ఉన్నారు, ఎంతమంది మోశారో చూసి అంచనా కట్టినవారు వీరందరికంటే ఎక్కువ. పైగా ఎదలో ఉన్న కాలంలో పోతులు మేత మాని పోట్లాటల్లో పడి బాగా చిక్కిపోతాయి. అదే జంతువును కొద్ది నెలల తేడాతో కొలిస్తే రెండు జంతువులేమో అనిపిస్తుంది. వీటన్నింటికీ తోడు మనిషి స్వభావం ఒకటుంది. చచ్చిన బర్రె పగిలిన కుండెడు పాలిచ్చేదన్న సామెత కణితికీ చక్కగా అతుకుతుంది.

మధ్యపరగణాల అటవీశాఖలో పనిచేసిన డన్‌బర్ బ్రాండర్ వంటివారు ఇందుకు మినహాయింపు. 1923లో వెలువడిన ఆయన పుస్తకంలో కొమ్ముల పొడవులతో పాటు జంతువుల ప్రవర్తన, మేత, రుతువులు ఓపికగా నమోదయ్యాయి. ఇటువంటి రాతల వల్లనే వేటగాళ్ళ అనుభవం శాస్త్రానికి పనికివచ్చింది. మరో లోపాన్ని కూడా గుర్తుంచుకోవాలి. వేటగాడు మందలో పెద్దదాన్నే ఏరుకుంటాడు, ఇంటికి తెచ్చి గోడకు బిగించేది అందులోనూ పెద్దదాన్నే. గోడల మీది కొమ్ములను చూసి ఒకనాటి దుప్పులన్నీ అంతే ఉండేవనుకోవడం పొరపాటు.

తేడాకు కారణాలు

జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ బెర్గ్‌మన్ 1847లో ఒక సూత్రం చెప్పాడు. ఒకే రకం జంతువుల్లో చలి ప్రాంతాలవి పెద్ద శరీరంతో, వేడి ప్రాంతాలవి చిన్న శరీరంతో ఉంటాయన్నది దాని సారాంశం. పెద్ద శరీరానికి బరువుతో పోలిస్తే చర్మపు వైశాల్యం తక్కువ. అందువల్ల వేడి త్వరగా బయటకు పోదు. పెద్ద గిన్నెలో అన్నం చాలాసేపు వేడిగా ఉండి, చిన్న గిన్నెలోది త్వరగా చల్లారడం ఇంట్లో చూసేదే. ఉత్తర అమెరికాలోని తెల్లతోక దుప్పి ఇందుకు తరచు చెప్పే ఉదాహరణ. కెనడా సరిహద్దుల్లో 130 కిలోలు దాటే పోతులుండగా, ఫ్లోరిడా కొసన ఉన్న చిన్న దీవుల్లో అదే జాతి పోతు 25 నుంచి 34 కిలోలకు మించదు. అక్కడ వేడితో పాటు దీవుల్లోని పరిమితమైన మేత, మంచినీరు కూడా పనిచేశాయి.

అయితే వాతావరణం ఒక్కటే సమాధానం కాదని స్కాట్లాండ్ ఎర్ర దుప్పుల కథ చెబుతుంది. అక్కడి చెట్టులేని కొండల్లో చిన్నగా పెరిగే ఆ దుప్పులను 19వ శతాబ్దంలో న్యూజిలాండ్‌కు తరలించారు. పోటీ లేని కొత్త అడవుల్లో పుష్కలమైన మేత దొరకడంతో వాటి సంతతి కొద్దికాలంలోనే స్వదేశపు వాటికంటే భారీ శరీరాలు, కొమ్ములు సంతరించుకుంది. రక్తం అదే, మేత మారింది. మళ్ళీ అక్కడే సంఖ్య విపరీతంగా పెరిగి మేత కరవయ్యాక పరిమాణం తగ్గుముఖం పట్టింది. ఒక అడవిలో దుప్పులు ఎక్కువైతే ఒక్కో దుప్పి చిన్నదవుతుంది. మన రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. చెరువులో చేపపిల్లలను మోతాదుకు మించి వదిలితే ఏమవుతుందో కొల్లేరు పక్కన ఎవరినడిగినా చెబుతారు.

కొమ్ములకు నేల సారంతోనూ సంబంధం ఉంది. కొన్ని నెలల వ్యవధిలో అంత ఎముక పెరగాలంటే కాల్షియం, భాస్వరం భారీగా కావాలి. మేతలో చాలనప్పుడు జంతువు తన పక్కటెముకల నుంచి వాటిని అరువు తెచ్చుకుంటుంది. దుప్పులు ఉప్పు నేలలను నాకడం, రాలిన కొమ్ములను కొరకడం ఇందుకే. వయసు మరో కారణం. తొలి ఏడాది దుప్పికి సూదిలాంటి కొమ్ము మొలుస్తుంది, నిండు వయసులో అది పూర్తి పొడవుకు చేరుతుంది, ముసలితనంలో మళ్ళీ కురచవుతుంది. వేట ఒత్తిడి ఉన్న అడవిలో మగవి నిండు వయసుకు చేరక ముందే చస్తాయి. అక్కడ కొమ్ములు చిన్నవిగా కనబడటానికి జాతి కారణం కాదు, ఆయువు కారణం.

పెద్ద కొమ్ములవాటినే తరతరాలుగా ఏరి చంపితే వంశంలోనే కొమ్ము చిన్నదవుతుందా? కెనడాలోని ఆల్బెర్టాలో కొండగొర్రెల పొట్టేళ్ళపై జరిపిన అధ్యయనం అవుననే 2003లో చెప్పింది. ఆ ఫలితంలో వంశం వాటా ఎంత, మేత వాటా ఎంత అన్నదానిపై శాస్త్రజ్ఞుల మధ్య వాదన తరువాత చాలాకాలం సాగింది.

మన దుప్పులూ దేశాంతరం వెళ్ళాయి. హవాయి రాజు అయిదవ కమేహమేహకు కానుకగా 1860లలో పంపిన చుక్కల దుప్పులు అక్కడి మొలోకై దీవిలో స్థిరపడ్డాయి. టెక్సాస్‌కు 1932లో చేరాయి. టెక్సాస్‌లో ఉంటున్న గోదావరి జిల్లాల వారు రోడ్డు పక్కన చుక్కల దుప్పి మందను చూసి అబ్బురపడితే, అది సాటి ప్రవాసే అనుకోవచ్చు. పరదేశపు జంతువు కాబట్టి అక్కడ దాని వేటకు నిషేధ కాలం లేదు. ఇక్కడ నేరమైనది అక్కడ లైసెన్సు తీసుకుంటే క్రీడ.

గోదావరి ఎక్కడ నిలుస్తుంది?

ఈ లెక్కలన్నింటిలో మన ప్రాంతం ఒక కూడలి వంటిది. నిడదవోలుకు ఉత్తరాన, పోలవరం దాటాక మొదలయ్యే పాపికొండల అడవులు శబరి, ఇంద్రావతి లోయల మీదుగా బస్తరు దండకారణ్యంతో కలుస్తాయి. పెద్ద కొమ్ములకు పేరొందిన మధ్యభారతం అటువైపే. దక్షిణాన మెట్ట, ఆపైన డెల్టా. పూర్వం బయలు నేలల్లో తిరిగిన కృష్ణజింక దక్షిణాది చిన్న ఉపజాతిది. అంటే మన కొండల్లోని జంతువుకు ఒక వైపు చుట్టరికం, మన మైదానపు జంతువుకు మరో వైపు చుట్టరికం.

పాపికొండలను 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. కణితి, చుక్కల దుప్పి, మొరిగే జింక, మూషిక జింక అక్కడ ఉన్నాయి. పులి, చిరుతలకు ఇవే ఆహారం. పులికి ఒక్క కణితి దొరికితే నాలుగైదు రోజులు గడిచిపోతుంది. అంత మాంసానికి మూషిక జింకలు ఎన్ని కావాలో పాఠకులే లెక్క వేసుకోవచ్చు. అడవిలో పెద్ద దుప్పులు ఉండటం, లేకపోవడం అన్నది గోడ అలంకారానికి సంబంధించిన విషయం కాదు, పులి ఉండటం, లేకపోవడం.

డెల్టాలో ఒకనాటి బయళ్ళు కాలువలు వచ్చాక వరిచేలయ్యాయి. కృష్ణజింకకు నిలువ నీడ పోయింది. గోదావరి లంకల్లో మిగిలిన జింకలు పెద్ద వరదలు వచ్చినప్పుడల్లా నీటిలో చిక్కుకున్నట్లు, ఒడ్డుకు చేరినవి కుక్కల పాలైనట్లు వార్తలు వస్తూనే ఉన్నాయి. కర్నూలు వైపు పరిస్థితి ఇందుకు భిన్నం. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పాటైన రోళ్ళపాడు అభయారణ్యం చుట్టూ కృష్ణజింకల సంఖ్య పెరిగి పంటలు మేస్తున్నాయని రైతులు మొరపెట్టుకున్నారు. ఒకే రాష్ట్ర జంతువు ఒకచోట కనుమరుగు, మరోచోట తలనొప్పి.

మన్యంలో కోయలు వేసవిలో జరుపుకునే భూమి పండుగలో మగవారు విల్లంబులతో వేటకు వెళ్ళడం ఆచారం. ఉత్తచేతులతో వచ్చినవారిని ఆడవారు ఆటపట్టిస్తారు. విత్తనాలకు పూజ చేసే ఈ పండుగ వేటను, మాంసం వ్యాపారం కోసం తుపాకులు, ఉచ్చులు, విద్యుత్తు తీగలతో సాగే వేటను ఒక గాటన కట్టడం న్యాయం కాదు. చట్టం దృష్టిలో మాత్రం రెండింటికీ మినహాయింపు లేదు.

గోడ మీది కొమ్ముకూ పత్రం ఉండాలి

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని వేటాడితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు, 2022 సవరణ ప్రకారం 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. చుక్కల దుప్పి, కణితి, మొరిగే జింకల వేట కూడా శిక్షార్హమే. మాంసం కొన్నవారు, వండుకున్నవారు సైతం కేసులో ఇరుక్కుంటారు.

1972కు ముందు తాతలు కొట్టినది కదా, ఇప్పుడేమిటి ఇబ్బంది అన్నది లోగిళ్ళలో సాధారణంగా వినిపించే మాట. చట్టం అలా చూడదు. కొమ్ము, చర్మం, తల వంటివి ఉన్నవారు రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షకునికి ప్రకటించి యాజమాన్య ధ్రువపత్రం పొందాలి. అప్పటిదాకా ప్రకటించనివారికి కేంద్ర ప్రభుత్వం 2003 ఏప్రిల్‌లో 180 రోజుల గడువుతో ఒక అవకాశం ఇచ్చింది. ధ్రువపత్రం ఉన్న పెద్దాయన కాలం చేస్తే ఆ వస్తువు వారసులకు రావచ్చు. అయితే సంక్రమించిన 90 రోజుల్లోగా వారు మళ్ళీ ప్రకటన ఇవ్వాలి. ఆస్తి పంపకాల్లో పొలం, బంగారం కాగితాలకు ఎక్కుతాయి గానీ, హాల్లోని కొమ్ములు ఎవరి వాటాకూ రాయరు. చిక్కు అక్కడే వస్తుంది. ఇంటిని అమ్మేటప్పుడు, పాత సామాను వేలం వేసేటప్పుడు కొమ్ములను కూడా ధర కట్టి ఇచ్చేయడం నేరుగా నేరం కిందకు వస్తుంది. పత్రం ఉన్నా అమ్మకం కుదరదు.

రాలిన కొమ్ము దొరికితే తెచ్చుకోవచ్చనే అపోహ కూడా ఉంది. జాతీయ ఉద్యానవనం నుంచి, అభయారణ్యం నుంచి దాన్ని బయటకు తేవడం నిషిద్ధం. ఇంట్లో ఉన్న కొమ్ము రాలినదా, చంపి తెచ్చినదా అన్నది చూడగానే తెలిసిపోతుంది. సహజంగా రాలిన కొమ్ము మొదలు గరుకు అంచుతో, కాస్త ఉబ్బెత్తుగా విడిగా ఉంటుంది. చంపిన జంతువుదైతే కింద పుర్రె ఎముక ముక్క అతుక్కుని ఉంటుంది.

ధ్రువపత్రం ఉండి, వస్తువును ఉంచుకోవడం ఇష్టం లేనివారు దాన్ని ప్రభుత్వానికి స్వచ్ఛందంగా అప్పగించే వీలును 2022 సవరణ కల్పించింది. పరిహారం ఉండదు. పత్రమే లేనివారు దాచిపెట్టి పిల్లలకు వదిలేయకుండా, న్యాయవాదిని సంప్రదించి సమీప అటవీ రేంజి కార్యాలయంలో రాతపూర్వకంగా తెలియజేయడం మేలు. దరఖాస్తులో జంతువు పేరు, కొమ్ముల సంఖ్య, పొడవు రాయాల్సి ఉంటుంది కాబట్టి, 'జింక' అని ఒక్కమాటలో తేల్చకుండా కణితా, దుప్పా, కృష్ణజింకా అన్నది గుర్తించి, మొదలు నుంచి వెలుపలి వంపు వెంబడి టేపు పట్టి కొలత వేసి వెళ్ళాలి.